నాన్నగారి అరుగు మీద చెప్పిన లెక్కలు

మనవాళ్ళు ఎవరికీ చెప్పకూడదన్న తొమ్మిది సంగతుల్లో వయసు మొదటిది, డబ్బు రెండోది. ఇంటిగుట్టు, మంత్రం, మందు, చేసిన దానం, పడ్డ అవమానం అన్నీ దాని తరవాతే. మా నాయనమ్మ ఈ మాట అనని వారం ఉండేది కాదు. విజయనగరంలో నా చిన్నతనమంతా ఆ నియమం మీదే నడిచింది. "వ్యాపారం ఎలా ఉందండీ?" అని అడిగితే లాభం వచ్చినవాళ్ళూ, నష్టపోయినవాళ్ళూ ఒకే జవాబు చెప్పేవారు: "పైడితల్లమ్మ దయ, ఏదో గడుస్తోంది." అంతకుమించి అడగడం మర్యాద కాదు. జీతగాళ్ళ ఇళ్ళల్లోనూ అంతే. భర్త జీతమెంతో సరిగ్గా తెలియని ఇల్లాళ్ళు మా వీధిలో చాలామంది.

అలాంటి ఊళ్ళో, ఎదుటి మనిషిని కూర్చోబెట్టి "మీ ఆదాయమెంత?" అని అడగడమే మా నాన్నగారి వృత్తి. ఆయన ఇన్‌కంటాక్స్ ప్రాక్టీషనర్. అయ్యకోనేరు దగ్గర మా పెంకుటింటి అరుగే ఆయన ఆఫీసు. ఒక బల్ల, రెండు చెక్క కుర్చీలు, ఒక బెంచీ, గోడకి ఆనించిన బీరువా. ఉల్లివీధి నుంచి, గంటస్తంభం బజారు నుంచి, నెల్లిమర్ల, గజపతినగరం, సాలూరు నుంచి షావుకార్లు వచ్చేవారు. ఆయన్ని 'పంతులు గారు' అనేవారు కొందరు, 'టాక్సు ప్లీడరు గారు' అనేవారు కొందరు. వ్యాపారుల రిటర్న్‌లకు గడువు వానాకాలంలో పడేది. అందుకే శ్రావణమాసం పేరంటాలు, నాన్నగారి పని ఒకేసారి వచ్చిపడేవి మా ఇంటికి. ఒకపక్క వాయినాలు, ఇంకోపక్క బల్ల మీద చలాన్లు, వాటి మధ్య నల్లటి కార్బన్ కాగితాలు. అక్షరం గుండ్రంగా ఉంటుందని చలాన్లు నా చేత రాయించేవారు.

ఆ బెంచీ మీద కూర్చున్న మనుషుల్ని చూస్తూ పెరిగాను కాబట్టి, "మనవాళ్ళు టాక్సు ఎగ్గొట్టే జాతి" అని ఎవరైనా టీవీలో తేలిగ్గా అనేస్తే నాకు బాధేస్తుంది. తూకంలో చిటికెడు తగ్గితే పిల్లవాణ్ణి పరిగెత్తించి మరీ ఇంటికి పంపిన షావుకారు నాకు తెలుసు. అదే మనిషి నాన్నగారి ముందు కూర్చుని, అమ్మకాన్ని ఎంత తక్కువ చేసి చెప్పాలా అని నలిగిపోయేవారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తరవాత మెల్లగా అర్థమైంది. ఆయన జీవితంలో ఆదాయం అడిగిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి పట్టుకుపోవడానికే అడిగారు. అప్పు కావాల్సిన బంధువు, చందాల వాళ్ళు, మామూళ్ళ కోసం వచ్చే వాళ్ళు, ఆఖరికి కట్నం లెక్క చూసుకునే వియ్యాలవారు కూడా. మేలు చేయడానికి ఆదాయం అడిగిన మనిషిని ఆయన చూడలేదు.

మా తాతగారికి పన్ను మీద ఇంత భయం ఉండేది కాదు. ఆయనకు చీపురుపల్లి వైపు కొంచెం భూమి. సంస్థానం రోజుల్లో శిస్తు కట్టారు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్కారుకి కట్టారు. శిస్తు బరువని తిట్టుకునేవారేగానీ దాచాల్సిన సంగతి అని అనుకోలేదు. భూమి ఊరందరికీ కనిపిస్తుంది, ఎంతుందో మునసబుకీ తెలుసు, కరణానికీ తెలుసు. మీరెంత సంపాదించారో మీరే చెప్పండి అని శిస్తు ఎన్నడూ అడగలేదు. పైగా దానికొక గౌరవం కూడా ఉండేది. మద్రాసు రాజధాని కాలంలో, 1935 చట్టం కింద, ఓటు అందరికీ లేదు. శిస్తో పన్నో కట్టేవాళ్ళకీ, కాస్త చదువుకున్నవాళ్ళకీ, ఇంకా కొందరికీ మాత్రమే ఉండేది. తాతగారు తన ఓటు గురించి చెప్పేటప్పుడు రసీదుల సంచీ చూపించి మరీ చెప్పేవారు.

ఇన్‌కంటాక్స్ అలా కాదు. గల్లాపెట్టె లోపల ఏముందో షావుకారు తన నోటితో తానే చెప్పాలి. ఆ చెప్పడం దగ్గరే గొంతు పట్టేసేది.

దానికి తోడు రేట్లు. 1973-74లో రెండు లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌చార్జీతో కలిపి నూటికి 97 రూపాయల 75 పైసల పన్ను. మా అరుగు ఎక్కేవాళ్ళలో ఆ రేటు తగిలే మనిషి ఒక్కరూ లేరు. ఏడాదికి రెండు లక్షలంటే ఆ రోజుల్లో మా బజారులో ఊహకందని సొమ్ము. కానీ ఆ అంకె మాత్రం అందరి నోళ్ళలోనూ నానింది. "వందకి తొంభై ఎనిమిది పట్టుకుపోతారట కదండీ పంతులు గారూ" అంటూ, పన్నే పడని చిన్న కొట్టువాళ్ళు వణికేవారు. నాన్నగారు కాగితం మీద లెక్క వేసి చూపించేవారు: మీ ఆదాయానికి ఇంతే పడుతుంది, చూడండి. తలూపేవారు, నమ్మేవారు కాదు. తరవాతి ఏడే ఆ రేటు 77కి దిగింది, ఇంకా తరవాత మరింత తగ్గింది. భయం మాత్రం రేటుతో పాటు తగ్గలేదు. ఒక తరం మనసులో పడ్డ అంకె తరవాతి తరానికి వారసత్వంగా వచ్చింది.

సేల్స్‌టాక్స్ వాళ్ళంటే వేరే రకం భయం. వాళ్ళు కళ్ళెదుట కనిపిస్తారు, కొట్టుకి వస్తారు, బిల్లు పుస్తకం తిరగేస్తారు. ఇన్‌కంటాక్స్ వాళ్ళని ఊళ్ళో చూసినవాళ్ళే తక్కువ. వాళ్ళు ఖాకీ కవరు రూపంలో వచ్చేవారు. రిజిస్టర్డ్ పోస్టులో ఆ కవరు వస్తే, సంతకం పెట్టకుండా పోస్ట్‌మాన్‌ని గుమ్మంలోనే నిలబెట్టి మా ఇంటికి మనిషిని పంపిన కుటుంబాలున్నాయి. తీరా చూస్తే అది చాలాసార్లు "మీ రిటర్న్ అందింది, లెక్క సరిపోయింది" అన్న సమాచారమే. ఇంగ్లీషు చదవలేని వాళ్ళకి ఏ ఇంగ్లీషైనా ఒకటే, అన్నీ అరెస్టు వారెంట్లలాగే కనిపిస్తాయి. నాన్నగారు దాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతుంటే, బెంచీ మీద మనిషి భుజాలు దిగేవి, నీళ్ళు అడిగేవారు. అప్పుడు అమ్మ కాఫీ పంపేది.

ఆఫీసరు మాట్లాడే తీరుని బట్టి మనిషి ఎలా మారిపోతాడో నాన్నగారు ఇద్దరు ఆఫీసర్ల గురించి చెప్పేవారు. ఇద్దరి పేర్లూ ఆయన చెప్పలేదు, నేనూ చెప్పను. ఒకాయన, స్క్రూటినీకి, అంటే లెక్కల తనిఖీకి, వచ్చిన పెద్దవయసు షావుకారుని ఆయన గుమస్తా ముందే "దొంగ లెక్కలు" అని కేకలేశారు. ఆ ముసలాయన నిలబడే ఉన్నారట చివరిదాకా. ఆ ఏడు కట్టమన్నది కట్టారు. ఆ మరుసటి ఏటి నుంచి పుస్తకాల్లో ఒక్క నిజం మిగల్లేదని నాన్నగారు బాధపడేవారు. తరవాత వచ్చిన ఇంకో ఆఫీసరు కుర్చీ వేయించి, "బెల్లం వానాకాలంలో ఎంత తరుగు పోతుందండీ? చింతపండు ఎంత పోతుంది?" అని అడిగారట. షావుకారు తన జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఏ నెలలో ఎంత నీరు కారుతుంది, ఏ గోనెకి ఎంత బెల్లం అంటుకుపోతుంది అన్నీ చెప్పుకొచ్చారు. చెబుతూ చెబుతూ అసలు అమ్మకం కూడా చెప్పేశారు. బయటికి వచ్చాక, "పన్ను ఎక్కువ పడింది, ఫర్వాలేదు పంతులు గారూ. మనిషిని మనిషిలాగ అడిగినాడు" అన్నారట. నాన్నగారు ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పినా గొంతులో అదే సంతోషం ఉండేది.

లెక్క పుస్తకాల గురించి కొంచెం చెప్పాలి, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో ఉండేవి. చిట్టాలో రోజువారీ పద్దులు, ఆవర్జాలో ఖాతాలు. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన 'శ్రీ' రాసి, కన్యకా పరమేశ్వరి కోవెలకో ఇంటి దేవుడి దగ్గరికో తీసుకెళ్ళి పూజ చేయించేవారు. కొందరికి ఉగాదితో కొత్త ఏడు, కొందరికి దీపావళితో. ఎవరి ఏడు వారిదే, చట్టమూ ఒప్పుకునేది. తరవాత అందరికీ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకే లెక్క అన్నారు. 1989 మార్చి 31తో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. దీపావళి లెక్కవాళ్ళకి ఆ ఒక్క ఏడు పన్నెండు నెలలు దాటి సాగింది. నాన్నగారికి ఆ ఏడంతా నిద్రలేదు. షావుకార్లకి మాత్రం బాధ వేరే: లక్ష్మీపూజ నాడు తెరిచే పుస్తకానికి ఇంక విలువేముంది? కొందరు పంతం కొద్దీ దీపావళికి ఒక పుస్తకం తెరుస్తూనే వచ్చారు. పూజ దానికి, లెక్క ఇంకోదానికి.

రెండో పుస్తకం అంటే ఆఫీసుకి చూపించని పుస్తకం. జీరో వ్యాపారం, అంటే బిల్లు లేకుండా చేసే వ్యాపారం, అంతా అందులో ఉండేది. అది నాన్నగారు చూడరు, చూపించవద్దనేవారు కూడా. "ఇల్లు కట్టారు, కూతురి పెళ్ళి ఊరంతా చెప్పుకునేలా చేశారు, ఏడాదికి పాతిక వేలే వచ్చాయంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను" అని పోట్లాడేవారు. ఆయనతో పడలేక ఫైలు పట్టుకెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. నమ్మకమైన మాట కోసం తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఆ రెండో పుస్తకం చేసే నష్టం సర్కారుకే అనుకునేవాళ్ళం మేమంతా. 1990 ప్రాంతంలో ఒక సంగతి జరిగాక నేను అలా అనుకోవడం మానేశాను.

బజారులో ఒక కిరాణా వ్యాపారి. నలభై అయిదేళ్ళ మనిషి. ఒక ఉదయం కొట్టు తాళం తీస్తూ పడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. పదో రోజు దాటాక ఆయన భార్య, ఆమె అన్నగారు మా అరుగు మీదికి వచ్చారు. అప్పటికి నేను బ్యాంకు ఉద్యోగంలో చేరాను, సెలవుకి ఇంటికి వచ్చి ఉన్నాను. ఆవిడ తలుపు చాటునే కూర్చుంది. "వారికి ఏముందో మీకు తెలుసు కదండీ పంతులు గారూ" అంది. నాన్నగారి ఫైల్లో ఉన్నది ఆఫీసుకి చూపించిన లెక్క. అందులో సరుకు కొంచెం, బ్యాంకులో కొంచెం, ఎల్లైసీ ఒకటి. ఆవిడ దాన్ని విని నమ్మలేదు. ఆయన దగ్గర ఇంకా ఉందని ఆవిడకు తెలుసు, ఎక్కడుందో తెలియదు.

రెండో పుస్తకం దొరికింది. కానీ అందులో పేర్లు లేవు. 'గ', 'పె.రా.', 'చెరువు', ఇలా గుర్తులు, పక్కన అంకెలు. ఆయనకి మాత్రమే తెలిసిన భాష. ఎవరికెంత అప్పిచ్చారో, ఎవరి దగ్గర ఎంత దాచారో అంతా ఆ గుర్తుల్లోనే ఆయనతో పాటు పోయింది. వెతగ్గా వెతగ్గా కొట్టు అటక మీద ఒక రేకుడబ్బాలో ఇందిరా వికాస పత్రాలు బయటపడ్డాయి. పోస్టాఫీసులో డబ్బు కడితే అయిదేళ్ళకి రెట్టింపు ఇచ్చేవి, 1986లో వచ్చాయి. వాటి మీద పేరు ఉండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. అందుకే మా ఊరి వ్యాపారులు వాటిని అంతలా కొన్నారు. పేరు లేకపోవడమే వాటి గొప్ప. ఆ డబ్బాకి చెద పట్టింది. కొన్నింటి మీద నంబర్లు కూడా మిగల్లేదు. పేరు లేని కాగితానికి నకలు ఎవరిస్తారు? ఎవరికని ఇస్తారు?

నాన్నగారు ఆ పత్రాల ముక్కలు బల్ల మీద పేర్చి చాలాసేపు చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను అప్పుడే చూశాను.

తరవాత ఒక మంచి జరిగింది, అదీ చెప్పాలి. గజపతినగరం వైపు నుంచి ఒక గోగునార రైతు వచ్చాడు. షావుకారు పోయారని ఆలస్యంగా తెలిసిందట. పంచె కొంగులోంచి డబ్బు తీసి ఆవిడ గుమ్మంలో లెక్కపెట్టాడు. "బాబు నాకు ఇత్తనాలకిచ్చినారు తల్లీ, కాగితం రాసుకోనేదు" అన్నాడు. అలా ఇంకా కొందరు వచ్చారు. రానివాళ్ళూ ఉంటారు, వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. ఆ రైతుకి ఏ ఆఫీసూ నోటీసు పంపలేదు, ఏ పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. మనవాళ్ళని దొంగలన్న మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

ఆనాటి నుంచి నాన్నగారి పద్ధతి మారింది. కొత్తగా ఎవరు ఫైలు పట్టుకొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే అడిగేవారు: "ఆఫీసుకి ఏం చెప్పాలో తరవాత చూద్దాం. ముందు ఇంట్లో చెప్పారా?" భార్యని కూడా తీసుకురమ్మనేవారు. మొదట్లో షావుకార్లు నొచ్చుకున్నారు. కానీ ఆ చావు కథ బజారంతా తెలుసు కాబట్టి కొందరు తీసుకొచ్చారు. బెంచీ మీద ఆడవాళ్ళు కూర్చోవడం అలా మొదలైంది మా ఇంట్లో.

సర్కారు కూడా అర్థమయ్యేలా అడిగిన సందర్భాలున్నాయి. అలా అడిగినప్పుడు జనం చెప్పారు. 1992లో మన్మోహన్ సింగ్ గారు ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు చిన్న వ్యాపారులకి 1,400 రూపాయల పథకం పెట్టారు. ఏడాది అమ్మకం అయిదు లక్షలు దాటని కొట్టువాళ్ళు, మీ ఆదాయం 35,000 అనుకుందాం, అందులో 28,000 దాకా పన్ను లేదు, మిగతా 7,000 మీద నూటికి ఇరవై చొప్పున 1,400 కట్టండి, పుస్తకాలు అక్కర్లేదు అన్నారు. లెక్క నోటితో చెప్పేయొచ్చు. అంతకు ముందు ఎన్నడూ రిటర్న్ వేయని గంటస్తంభం దగ్గరి చిన్న కొట్ల వాళ్ళు వచ్చి, "ఆ పద్నాలుగు వందలది మాకూ రాసెయ్యండి" అన్నారు. కట్టిన చలానా కాగితాన్ని కొందరు కొట్లో దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు. ఆ పథకం ఎక్కువ ఏళ్ళు నిలవలేదు, ఎత్తేశారు. ఎత్తేసి ఉండకూడదని నాన్నగారి అభిప్రాయం, నాదీ అదే.

సాలూరు లారీ ఓనర్లది ఇంకో కథ. సాలూరు అంటేనే లారీలు. ఒడిశా ఘాటీ ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ వెళ్ళే దారి అక్కడి నుంచే. కిరాయిలు, డీజిలు, టైర్లు, చెక్‌పోస్టుల ఖర్చులు, వీటికి ఎక్కడి రసీదులు తెస్తారు? 1994 బడ్జెట్లో, పది లారీలు దాటనివాళ్ళకి పెద్ద లారీ ఒక్కింటికి నెలకి 2,000 ఆదాయం అనుకుంటే చాలు అన్నారు. ఒక లారీ ఉన్నవాడికి ఏడాదికి 24,000. పన్నే పడదు. "ఇంతేనేటి బాబూ? ఇన్నాళ్ళు దీనికేనా మేం భయపడినాం?" అని ఒక ముసలి ఓనరు నాన్నగారి చేతులు పట్టుకున్నారు.

ఆ తరవాత 1997. చిదంబరం గారి స్వచ్ఛంద వెల్లడి పథకం, జూలై 1 నుంచి డిసెంబరు 31 దాకా. దాచినది చెప్పి నూటికి ముప్ఫై కట్టేస్తే వడ్డీ లేదు, జరిమానా లేదు, కేసు లేదు, పేరు బయటికి రాదు. నగలు పాతవైతే 1987 ఏప్రిల్ 1 నాటి ధరకే లెక్క కట్టుకోవచ్చు. పదేళ్ళలో బంగారం ధర ఎంత పెరిగిందో తెలిసినవాళ్ళు ఆ వెసులుబాటుని బాగా వాడుకున్నారు. దేశం మొత్తం మీద దాదాపు 33,000 కోట్లు బయటపడి, దాదాపు 10,000 కోట్లు పన్నుగా వచ్చింది. కట్టినవాడిని నవ్వులపాలు చేసే పథకం అని విమర్శలూ వచ్చాయి. ఏళ్ళ తరబడి నిజాయితీగా కట్టినవాళ్ళకి కోపం రావడం న్యాయమే. మా ఊళ్ళో జీతగాళ్ళకి, మూలంలోనే కోత పడేవాళ్ళకి, ఆ కోపం చాలా వచ్చింది. ఒక మేష్టారు అరుగు మీద నిలబడి నాన్నగారితో వాదించారు: "నా జీతంలో ఒక్క పైసా దాచే వీలుందా? నాకేం మినహాయింపిచ్చారు?" నాన్నగారు దానికి ఎదురు చెప్పలేదు.

కానీ అరుగు మీద నేను చూసింది వేరు. డిసెంబరు చివరి రోజుల్లో సెలవు పెట్టి సాయానికి వెళ్ళాను. రాత్రి తొమ్మిది దాటాక, వీధిలో అలికిడి తగ్గాక, మనుషులు వచ్చేవారు. చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఆపేవాడు కాదు. ఎప్పుడో తండ్రి పెట్టిన స్థలం, తమ్ముడి పేరున కొన్న ఇల్లు, అత్తగారి నగలు, పేరు మార్చి వేసిన డిపాజిట్లు. కొన్ని నోటితో చెప్పడం అదే మొదటిసారి వాళ్ళకి. పక్కన కూర్చున్న భార్య కూడా అప్పుడే వినేది. కాగితాలు విశాఖపట్నం కమిషనర్ ఆఫీసుకి వెళ్ళాలి. నాన్నగారు ఫైళ్ళు గుడ్డసంచీలో పెట్టుకుని బస్సెక్కేవారు. కట్టేశాక ఒక షావుకారు వచ్చి, "పదిహేనేళ్ళయింది పంతులు గారూ నేను పడుకుని" అన్నారు. పన్ను వసూలు లెక్కల్లో ఈ నిద్ర ఎక్కడా రాయరు.

నా వైపు నుంచి కూడా కొంత చెప్పాలి. ఉద్యోగంలో ఎక్కువ కాలం శ్రీకాకుళంలో గడిపాను. రెండు వేల సంవత్సరం దాటాక ఇంటి అప్పులు పెరిగాయి, పిల్లలు అమెరికా చదువులకి బయల్దేరారు. అప్పుకి మూడేళ్ళ రిటర్న్‌లు కావాలి, వీసాకి తండ్రి ఆస్తిపాస్తుల పత్రం కావాలి. అప్పటిదాకా "తక్కువ చూపించండి" అన్న నోళ్ళే "కొంచెం ఎక్కువ చూపించండి" అనడం మొదలుపెట్టాయి. మూడేళ్ళవీ ఒకే తేదీన వేసిన రిటర్న్‌లు నా బల్ల మీదికి వచ్చేవి. నరసన్నపేట నుంచి వచ్చిన ఒక బట్టల వ్యాపారికి అప్పు ఇవ్వలేకపోయాం. ఆయన నిజంగా సంపాదించేవాడే. కాగితం మీద ఆ సంపాదన లేదు. "అంతా మా నాన్న చేసిన పనమ్మా, చూపించొద్దురా అని నేర్పినాడు" అని వెళ్ళిపోయాడు. ఆయన కొట్టు ఆ రోడ్డులో అందరికంటే పెద్దది.

2016 నవంబరు 8 నోట్ల రద్దు తరవాత కౌంటరు ముందు నిలబడ్డ ఆడవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పోపులడబ్బాల్లో, పాత చీరల మడతల్లో దాచిన అయిదు వందల నోట్లు. గృహిణులు వేసే డబ్బు రెండున్నర లక్షల దాకా ఎక్కడిదని అడగబోమని సర్కారు చెప్పింది. వాళ్ళ భయం సర్కారు గురించి కాదు. "మా ఆయన పేరున్న ఖాతాలో వద్దమ్మా, ఆయనకి మెసేజీ వెళ్ళిపోద్ది" అనేవారు. తాగే మొగుడి కంట పడకుండా కూతురి చదువుకి దాచిన డబ్బు అది. ఒక రాత్రిలో ఆ దాపరికమంతా బయటపడింది. ఆదాయం దాచేవాళ్ళందరూ ఒకే కారణంతో దాచరని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు రిటైరై విజయనగరంలోనే ఉంటున్నాను. ఇప్పటి చిక్కులు వేరు. అమ్మఒడి లాంటి పథకాలకి ఇంట్లో ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్ళుంటే అర్హత లేదన్నారు. అప్పటినుంచి ఊళ్ళల్లో రిటర్న్ అనే మాటంటేనే భయం. కొడుకు హైదరాబాదులో చిన్న ఉద్యోగం, జీతంలో కోసిన టీడీఎస్ వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలి. వేస్తే తల్లి పింఛను పోతుందేమోనని వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు. రిటర్న్ వేయడం, పన్ను కట్టడం ఒకటి కాదని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. ఎమ్మార్వో ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రానికి ఒక అంకె, బ్యాంకుకి ఒక అంకె, ఇన్‌కంటాక్స్‌కి ఒక అంకె. ఒకే మనిషిని మూడు చోట్ల మూడు రకాలుగా బతకమంటే ఏ అంకె నిజమో అతనికే గుర్తుండదు.

మరోపక్క, 2021 నుంచి ఇన్‌కంటాక్స్ వెబ్‌సైట్లో ఏఐఎస్ అని ఒక పట్టిక వస్తోంది. బ్యాంకు వడ్డీ, షేర్లు, కొన్న స్థలం అన్నీ మనం చెప్పకముందే అందులో ఉంటాయి. మా నాన్నగారు ఉండి ఉంటే దాన్ని చూసి ఆశ్చర్యపోయేవారు. అన్నీ తెలుసుకోగల ఆఫీసు వచ్చింది, ఎదురుగా కూర్చుని అడిగే మనిషి పోయాడు.

2025లో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు ఇచ్చారన్న వార్త వచ్చాక, మా బజారులో కూడా ఫోన్ స్కానర్లు తీసేసినవాళ్ళున్నారు. మా వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆవిడ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషులో ఏదో మెసేజీ. రిటర్న్ గడువు గురించి అందరికీ పంపే సాధారణ మెసేజీ అది. నా దగ్గరికి తెచ్చినవన్నీ ఇలా ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. ఆవిడని కూర్చోబెట్టి, కాగితం తీసుకుని లెక్క చెప్పాను. ఏడాదికి పదిహేను లక్షల అమ్మకమనుకో, అంతా ఫోన్లోనే వచ్చిందనుకో. చిన్న వ్యాపారికి చట్టంలో సులువు దారి ఉంది, నూటికి ఆరు చొప్పున ఆదాయం అనుకుంటే చాలు. తొంభై వేలు. దాని మీద పైసా పన్ను పడదు. జీఎస్టీకి కూడా నీ వ్యాపారానికి ఇరవై లక్షల దాకా పరిమితి ఉంది. స్కానర్ తీయక్కర్లేదు.

ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది. ఆ తరవాత, నేను అడక్కుండానే, రోజుకి ఎన్ని పళ్ళేలు పోతాయో, పిండికెంత, గ్యాసుకెంత, చేతిలో ఎంత మిగులుతుందో మొత్తం చెప్పింది.

"మరి ఈ మాట ఆళ్ళే సెప్పొచ్చు కదమ్మా?" అంది.

చెప్పాలి. తెలుగులో చెప్పాలి. ఆవిడ బండి దగ్గరికి వచ్చి, ఆవిడకి తీరికున్న వేళ కూర్చుని చెప్పాలి.